పిడికెడు బియ్యం పద్దు

తెలుగునాట క్రైస్తవ మిషన్ల సేవ అనగానే ముందుగా పెద్ద కట్టడాలే కళ్ళముందు నిలుస్తాయి. కరువుకాలంలో వేలమందికి పని చూపి, అన్నం పెట్టి చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి ఎన్ని వేల మంది తల్లులకు పురుడు పోసిందో చెప్పలేం. ఈ కథలు ఎవరు చెప్పినా ఇచ్చే చెయ్యి దొరది, దొరసానిది. పుచ్చుకునే చెయ్యి పల్లెజనానిది. మెచ్చుకునేవాళ్ళూ ఇలాగే చెబుతారు, తప్పుపట్టేవాళ్ళూ ఇలాగే చెబుతారు. ఇందులో అబద్ధం లేదు గానీ, ఇది సగం కథే. చర్చి సేవను, సువార్త పనిని ఇన్నేళ్ళు నిలబెట్టినవాళ్ళలో ఊరి చివర పాకల్లో కూలినాలి చేసుకుని బతికిన ఆడవాళ్ళు ముందువరుసలో ఉన్నారు. వాళ్ళను దానగ్రహీతలుగా మాత్రమే రాసుకున్న చరిత్రను సరిదిద్దుకోవాలి.

1903 సంవత్సరాన్నే తీసుకుందాం. ఆ ఏడాది ఫిబ్రవరి 12న పాళయంకోటలో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. మనుషులు మనవాళ్ళు, డబ్బు మనది, పెత్తనమూ మనదే అన్నది వాళ్ళ నియమం. వాళ్ళు పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. సంఘాన్ని ఏర్పాటు చేసినవారిలో ముఖ్యుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో తానే అక్కడికి వచ్చి కాపురం పెట్టారు, తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అదే 1903లో నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్య ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకుతోటలకు, తేయాకు తోటలకు వెళ్ళిన కూలీల్లో మన తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళలోని బాప్టిస్టులు తమకొక బోధకుడు కావాలని ఇంటికి ఉత్తరాలు రాశారు. రంగయ్యను పంపింది అమెరికా మిషన్ బోర్డు కాదు, తెలుగు బాప్టిస్టుల సొంత హోం మిషన్ సంఘం. కియర్‌స్నీ తేయాకు తోటలో ఆ ఏడాదే తెలుగు సంఘం ఏర్పడింది. ఆ తోటల్లో మగకూలీకి మొదటి ఏడాది నెలజీతం 10 షిల్లింగులు, పైన రేషను. ఒప్పందం అయిదేళ్ళు. ఒంగోలు, నెల్లూరు పల్లెల చందా సముద్రం దాటి ఆ కూలీల దగ్గరకు చేరింది. పరాయి దేశాల దాతల మీదే బతుకుతోందని అందరూ అనుకున్న సంఘం, తానే మరో దేశానికి మిషనరీని పంపిందన్నమాట.

ఈ డబ్బు పుట్టింది వంటింట్లో. అన్నం వండేముందు ఇల్లాలు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. జొన్నలు తినే ఇంట్లో జొన్నలే. ఆదివారానికి నిండిన కుండను గుడికి తెస్తుంది. అక్కడ అందరి గింజలూ ఒకచోట పోసి, కొలిచి, అమ్మి పద్దు రాస్తారు, లేదంటే ఊరి పంతులుగారి ఇంటికే పంపుతారు. అజరయ్య డోర్నకల్ అధ్యక్ష మండలమంతటా ఈ పద్ధతిని పట్టుబట్టి నడిపించారు. ఇక కోతపండుగ రోజు చూడాలి. వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, సొరకాయలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజులు, గంపెడు గుడ్లు, ఒక్కోసారి మేకపిల్ల బలిపీఠం ముందుకు వస్తాయి. ఆరాధన అయ్యాక చెట్టుకింద వేలం పెడతారు. పాడుకున్నవాడు కోడిని ఇంటికి పట్టుకెళ్ళకుండా మళ్ళీ కానుకగా ఇచ్చేస్తాడు, మళ్ళీ పాట మొదలవుతుంది. ఒకే కోడి మూడుసార్లు అమ్ముడుపోయే వేలం అది. ఈ రాబడితోనే చాలా ఊళ్ళలో ఉపదేశికి భత్యం, పాకబడికి పలకలు, బైబిలు స్త్రీకి దారిఖర్చు గడిచాయి. గింజను కానుకగా ఇవ్వడంలోని అసలు విశేషం ఇంకొకటుంది. ఆ సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్ళు. తరతరాలుగా వాళ్ళు రైతు కళ్ళం దగ్గర నిలబడి, చేసిన చాకిరీకి మేరగా కొలిచిపోసిన గింజలు ఒడిలో పట్టుకుని వెళ్ళినవాళ్ళు. ఎన్ని చెప్పులు కుట్టినా, ఎన్ని మోటబొక్కెనలు బాగుచేసినా ఊరి లెక్కలో పుచ్చుకునేవాళ్ళుగానే ఉన్నారు. అలాంటి ఇల్లాలు తన కుండలోని గింజ తన చేత్తో తీసి, తన పేరుమీద ఇంకొకరి బిడ్డ చదువుకి ఇచ్చింది. మన పల్లె చరిత్రలో ఇది చిన్న మార్పు కాదు.

పిడికెడు బియ్యంతో ఆసుపత్రులు లేస్తాయా అని అడుగుతారు. లేవవు. గుంటూరు ఆసుపత్రి వెనుక ఉన్నది అమెరికా లూథరన్ స్త్రీల సంఘాల విరాళాలు. పెద్ద కాలేజీలు, ముద్రణాలయాలు, కుష్ఠురోగుల ఆశ్రమాల పెట్టుబడిలో చాలాభాగం విదేశాల నుంచే వచ్చింది. దీన్ని తక్కువచేసి చెప్పడం కృతఘ్నత. కానీ ఆసుపత్రి జిల్లాకొకటి, బడి పేటకొకటి. ఆసుపత్రి గోడ లేవడానికి ఒకసారి పెద్ద మొత్తం కావాలి. పేటలోని బడి మూతపడకుండా ఉండాలంటే ప్రతివారం చిన్నమొత్తం కావాలి. ఈ రెండోదాన్ని న్యూయార్కు, లండను ఎంతకాలం మోస్తాయి? యుద్ధాలు వచ్చాయి, 1930ల ఆర్థికమాంద్యం వచ్చింది, విదేశీ సొమ్ము తగ్గింది. ఊరి కానుక అలవాటు ఉన్న సంఘం అలాంటి రోజుల్లో కాలు నిలదొక్కుకోగలదు, లేని సంఘం పై నుంచి వచ్చే ఉత్తరం కోసం ఎదురుచూడాలి. ఈశాన్యంలో మిజో క్రైస్తవులు 1910లో మొదలుపెట్టిన పిడికెడు బియ్యం ఈనాటికీ వాళ్ళ సంఘం మిషన్ పనికి ఆధారంగా ఉంది. కాబట్టి ఇది మన దగ్గరి ఒంటరి ముచ్చట కాదు.

అంతకన్నా బరువైన ఆక్షేపణ మరొకటి. అన్నం ఎరగా వేసి మతం మార్చారు కదా అంటారు. సేవకు మతమార్పిడి ఆశ తోడు కాకూడదని గాంధీజీ కూడా 1930ల్లో హరిజన్ పత్రికలో మళ్ళీమళ్ళీ రాశారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఆకలిగొన్నవాడి ముందు విస్తరి పెట్టి షరతు చెప్పడం ఏ ధర్మమూ ఒప్పుకోదు. అయితే ఒంగోలులో జరిగింది చూడండి. 1876-78 కరువులో అక్కడి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. సాయం అందుతున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. తిండికోసం చేరారన్న మాట రాకూడదని ఆయన జాగ్రత్త. సాయం ఆగాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళ మనసుల్లో కరువునాటి కృతజ్ఞత లేదని నేననను. మనిషిగా చూసినవాళ్ళ వైపు మనిషి మొగ్గడం సహజం. కానీ కూడు కోసమే చేరారనడానికి లెక్క కుదరదు. చేరినవాళ్ళకు ఆ తర్వాత ఎదురైంది రోజూ దక్కే బియ్యం కాదు, రోజూ తీసి ఇవ్వాల్సిన బియ్యం. ఎరకి చిక్కినవాడు తన గింజ తెచ్చి కుండలో ఎందుకు పోస్తాడు?

పేదవాడి దగ్గర పుచ్చుకోవడం తగునా అన్న ప్రశ్నకు నాకు అంత సులువుగా జవాబు దొరకదు. ఇవ్వడంలో పేదకు మినహాయింపు ఇస్తే అతణ్ణి గౌరవంలోంచి మినహాయించినట్టేనని అజరయ్య నమ్మకం. క్రైస్తవుల కానుకల గురించి ఆయన ప్రత్యేకంగా పుస్తకమే రాశారు. నేను ఆయన పక్షమే, ఒక హద్దు వరకు. పిడికెడు బియ్యంలో ఎవరి పిడికిలి వాళ్ళది, ఎంత తీశారో ఎవరూ చూడరు. కానీ కోతపండుగ వేలంలో, చందాల జాబితాను మైకులో చదివే చోట, ఇవ్వలేనివాడు తలదించుకోవాల్సి వస్తుంది. దశమభాగం ఇవ్వనివాడికి కీడు తప్పదని బెదిరించే బోధ అంతకంటే అన్యాయం. ఇచ్చినవాడికి లెక్క అడిగే హక్కు లేకపోతే ఆ కానుక పాత మేరకు తిరగేసిన రూపమే అవుతుంది. చర్చి ఆస్తుల మీద ఈనాడు కోర్టుల్లో నలుగుతున్న వివాదాలకు మూలం కూడా ఇక్కడే ఉంది: పల్లె నుంచి గింజ పైకి వెళ్ళింది, పద్దు కిందికి రాలేదు.

నేటాల్ సంఘాల్లోనూ పెత్తనం విషయంలో గొడవలు వచ్చాయి, చీలికలు వచ్చాయి. సొంత డబ్బు ఉన్నంతమాత్రాన మనుషులు సాధువులైపోరు. అయినా ఆ తగవు తమ సంఘం తమదేనన్నవాళ్ళ మధ్య తగవు. జాన్ రంగయ్య 1915లో కన్నుమూశారు, సంఘాలు నిలిచాయి, ఆయన కొడుకు తర్వాత అదే పనికి వెళ్ళారు. డోర్నకల్‌లో అజరయ్య పాతికేళ్ళు శ్రమించి కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. గుమ్మటాలు, స్తంభాలు, తామరలతో గుడినీ మసీదునూ కలిపి చూసినట్టుండే ఆ కట్టడం గురించి రాసినవాళ్ళు చాలామందే. దానికింద పనిచేసిన పల్లె సంఘాల కానుకల పుస్తకాల గురించి రాసినవాళ్ళు లేరనే చెప్పాలి. ఏ ఇంటి నుంచి ఎన్ని సోలల బియ్యం వచ్చిందో, అమ్మితే ఎంత పలికిందో, ఏ పంతులికి ఎంత ఇచ్చారో రాసిన ఆ చిట్టాలు పాత పార్సనేజీల్లో, సంఘపెద్దల ఇళ్ళలో, ట్రంకుపెట్టెల అడుగున ఉంటాయి. మీ ఊరి సంఘంలో అలాంటిదొక్కటి ఉన్నా పారేయకండి. చదవగలిగినవాళ్ళ చేత చదివించండి, ఫొటోలు తీయించి దగ్గరలోని కాలేజీ చరిత్రశాఖకో, జిల్లా గ్రంథాలయానికో ఒక ప్రతి ఇవ్వండి.