గీదం సభ: బస్తరు యువత నాయకత్వం

విశాఖ నుంచి కిరండోల్ రైలెక్కినా, నిజామాబాద్ నుంచి భోపాలపట్నం, బీజాపూర్ మీదుగా జగదల్‌పూర్ రోడ్డు పట్టినా గీదం తగులుతుంది. మనలో ఆ దారిన డ్యూటీ మీద వెళ్ళినవారు ఉండే ఉంటారు. దగ్గరలోని బారసూరులో తెలుగు శాసనం ఉంది. బస్తరు రాజులు తమ మూలపురుషుడు ఓరుగల్లు నుంచి వచ్చిన అన్నమదేవుడని చెప్పుకున్నారు. కాబట్టి ఈ ఊరి చరిత్ర మనకు మరీ పరాయిదేమీ కాదు.

ఇక్కడి పల్లెలకు ఒక పాత కట్టుబాటు ఉండేది. ప్రతి ఊరికీ తన అడవి పొలిమేర తెలుసు. పక్క ఊరి అడవిలో కట్టె కొట్టుకుంటే కొద్దిపాటి రుసుము ఇచ్చుకోవాలి. కొన్ని ఊళ్ళు అడవికి కాపలాదార్లను పెట్టుకుని, వాళ్ళ జీతానికి ఇంటింటా ధాన్యం పోగుచేసేవి. ఏడాదికోసారి పెద్ద వేటలో పరగణాలోని ఊరిపెద్దలంతా కలిసి మంచిచెడ్డలు మాట్లాడుకునేవారు. ఉత్తరాన మురియాల ఘోటుల్‌లో అయితే పెళ్ళికాని కుర్రకారుకే పదవులు, బాధ్యతలు ఉండేవి; ఊళ్ళో పెళ్ళయినా పండగయినా చాకిరీ వాళ్ళదే. వెరియర్ ఎల్విన్ 1947లో దీనిమీద పెద్ద గ్రంథమే ప్రచురించాడు. పదవీ విరమణ చేసి సొంతూరు చేరి యువజన సంఘం పెట్టాలనుకునే మన మిత్రులు ముందు ఒక్క సంగతి కనుక్కోవాలి: ఊరి చెరువు పని, జాతర పని ఇప్పటికే ఏ కుర్రాళ్ళు నెత్తినేసుకుని చేస్తున్నారు? నాయకులు అక్కడే దొరుకుతారు.

1905లో ఆంగ్ల ప్రభుత్వం బస్తరు అడవుల్లో మూడింట రెండు వంతులు రిజర్వు చేస్తామంది. పోడు, వేట, అటవీ ఫలసాయం అన్నీ బంద్. దానికి తోడు శిస్తులు, వెట్టి, 1907–08 కరువు. మొదట కదిలింది కాంగేర్ అడవిలోని ధుర్వాలు. నేతానార్‌కు చెందిన గుండాధుర్ పేరు అప్పుడే మారుమోగింది. 1910లో మామిడి కొమ్మ, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణం ఊరూరా చేతులు మారాయి. అక్షరం రాయకుండా కబురు అందింది. మన సిగ్నల్స్ వాళ్ళు కూడా మెచ్చుకోవలసిన ఏర్పాటు! ఖర్చుకు ప్రతి ఊరూ ఎంతోకొంత ఇచ్చింది. ఫిబ్రవరిలో గీదంలో రహస్యంగా సభ జరిపి మురియా రాజ్యం వచ్చిందని ప్రకటించారు. బజార్లు దోచి ధాన్యం పంచారు. ఠాణాలతోపాటు బడులూ తగలబెట్టారు. అది మెచ్చుకోదగ్గది కాదు, దాచవలసిందీ కాదు. అణచడానికి సర్కారుకు మూడు నెలలు పట్టింది. గుండాధుర్ మాత్రం చిక్కలేదు. రిజర్వు చేయదలచిన అడవి దాదాపు సగానికి తగ్గింది.

దాదాపు వందేళ్ళ తరవాత అదే కుర్రకారు చేతికి రెండు వైపులనుంచీ తుపాకులు వచ్చాయి. అడవిలో మావోయిస్టుల దళాలు. 2005 నుంచి సల్వా జుడుం, స్పెషల్ పోలీస్ ఆఫీసర్లు. పేరు ఆఫీసరు, చదువు అంతంతమాత్రం, శిక్షణ కొద్దిరోజులు. శిక్షణ విలువ తెలిసిన మనకు ఇందులో అన్యాయం వేరే చెప్పనక్కర్లేదు. ఇది రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది.

ఆ కాలంలోనే గీదం పక్కన జావంగాలో ఎడ్యుకేషన్ సిటీ లేచింది. వసతి బడులు, పాలిటెక్నిక్ కట్టారు. హింసలో అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్లల కోసం అక్కడ ఆస్థా విద్యామందిర్ పెట్టారు.