తోలు కుట్టు యంత్రముల జాడ



నేను బడిలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు చెప్పినవాడను. చిన్ననాట గురువుగారి యొద్ద కావ్యములును, కొంత వ్యాకరణమును చదువుకొంటిని. అట్టి వానికి యంత్రములను గూర్చి మాటాడుట కేమి యధికారమని మీలో కొందరికి తోచవచ్చును. తోచుట న్యాయమే. అయినను ఒక పాత కుట్టుమిషను నన్ను రెండేండ్లపాటు తన వెంట త్రిప్పుకొన్నది. ఆ త్రిప్పటలో తెలిసిన చరిత్రను నేడు మీకు మనవి చేసెదను.

మా యూరి రచ్చబండ చెంత చెప్పులు కుట్టు వృద్ధు డొకడు కలడు. అతని తాతనాటి సింగర్ యంత్రమే ఆ యింటికి జీవనాధారము. అది దర్జీల యొద్ద మనము చూచు మిషను వంటిది కాదు. సన్నని పొడవైన చేయి యొకటి ముందునకు చాచుకొని, దాని కొనయందు చిన్న షటిల్‌ను దాచుకొని యుండును. ఆ చేయి చెప్పు లోపలికి, సంచి మూలలోనికి దూరును. తోలును ముందుకు నడపునది క్రింది పండ్లు కావు, పైనున్న పాదమే. ఆ పాదమును ఏ దిక్కునకు త్రిప్పిన ఆ దిక్కునకే కుట్టు నడచును. కావున వస్తువును త్రిప్పవలసిన పని లేదు. దీనిని చేసినవారు పెట్టిన పేరు 29కె.

ఒకనా డది కుట్లు వదలసాగెను. పట్టణములో ఒక దుకాణమువా రిచ్చిన సూది లావున సరిపోయినది గాని పొడవున సరిపోలేదు. అది షటిల్ మొనకు తగిలి, సూదియు విరిగెను, మొనయు చెడెను. “అయ్యవారూ, సూది దారి సూదిది, షటిల్ దారి షటిల్‌ది అయిపోయింది. ఇక తూకానికి ఇచ్చేస్తాను” అని అత డనునప్పటికి పాత యినుము కొనువాడు అరుగుమీద కూర్చుండియే యున్నాడు. ఒక నెల గడువిమ్మని నేనే అడ్డుపడితిని. నెల రెండేండ్లైనది, అది వేరు సంగతి.

తాళపత్ర గ్రంథము చేతికి వచ్చినప్పుడు మేము మొదట కథ చదువము. చివర వ్రాయసకాడు తన పేరును, సంవత్సరమును వ్రాసెనా యని చూతుము. తరువాత వేరొక ప్రతితో పోల్చి పాఠభేదములు గుర్తింతుము. ఈ యంత్రము విషయమునను నాకు వేరు మార్గము తెలియదు. కాబట్టి జిడ్డు తుడిచి, వ్రాత యెక్కడ నున్నదో వెదకితిని.

వెదకుటలో నాకు మొదట తారసపడిన కథ మిక్కిలి చిత్రమైనది. లండనులో థామస్ సెయింట్ అను నతడు 1790లో కుట్టు యంత్రమునకు పేటెంటు పొందెను. అదియు తోలు కుట్టుటకే. ఒక ఆరె ముందు రంధ్రము పొడుచును; వెనుక సూది దారమును త్రోయును. కాని ఆ పేటెంటులోనే జిగురులు, వార్నీషులు, పాదరక్షలు మొదలైన సంగతులుండుటచే ఆ కాగితము కుట్టుపనికి సంబంధింపని కట్టలో చేరిపోయినది. దాదాపు ఎనుబదియేండ్లు దానిని కదలించిన నాథుడు లేడు. 1870లలో న్యూటన్ విల్సన్ అను మిషనుల వ్యాపారి దానిని కనుగొని, బొమ్మలను బట్టి యంత్రము చేయించెను. కొన్ని మార్పులు చేసిన గాని అది కుట్టలేదట. ఆ ప్రతిరూపము లండను సైన్సు మ్యూజియములో కలదు. ఎనుబదియేండ్లలో లోకము వేచియుండునా? ఫ్రాన్సులో తిమొనియే 1830లో పేటెంటు పొంది సైనికుల దుస్తులు కుట్టించుచుండగా, తమ కూడు పోవునని దర్జీలు మరుసటి యేడే అతని కర్మశాలపై బడి యంత్రములను ధ్వంసము చేసిరి. అమెరికాలో హౌ 1846లోను, సింగర్ 1851లోను పేటెంట్లు పొందిరి. వారి వ్యాజ్యెముల కథ పొడవైనది, విడిచెదను.

సింగరును గూర్చి మాత్ర మొక మాట. 1924లో రామచంద్రన్ అను యువకుడు యంత్రములను గూర్చి ప్రశ్నింపగా మహాత్ముడు సింగర్ మిషనును తన ఖండనమునుండి మినహాయించెను. భార్య కుట్టుపనితో అలసిపోవుట చూచి, ప్రేమచే సింగర్ దానిని కల్పించెనని ఆయన చెప్పెను. కథ మధురమైనదే గాని చరిత్ర వేరు. సింగర్ నాటకము లాడినవాడు. అతని గృహజీవనము పెద్దలముందు చెప్పదగినది కాదు. 1850లో బోస్టను నగరమున ఒక కర్మశాలలో పరుల మిషనులు బాగుచేయుచుండగా చూచి, వానికంటె మేలైనది చేయగలనని పూనుకొనెను. అనగా ఈ వంశమంతయు మరమ్మతు బల్లమీదనే పుట్టినదన్నమాట!

ఇక విడిభాగముల సంగతి. ఒక మిషను ముక్క మరియొక మిషనులో సరిపోవుట మొదటినుండి యున్న ధర్మమని మనము భ్రమపడుదుము. సింగర్ కర్మాగారములలో చాలకాలము పనివారు ఆకురాయితో రాచి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క యంత్రమునకు ఒదిగించుచుండిరి. ఏ ముక్క ఏ యంత్రమునదో మారిపోకుండుటకై యంత్రపు సంఖ్యనే ముక్కలపై కొట్టుచుండిరి. 1880లలో గాని వారికి ఈ రాపిడి పని తగ్గించు శక్తి రాలేదని చరిత్రకారుడు డేవిడ్ హౌన్‌షెల్ 1984లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. కనుక అంతకు పూర్వపు యంత్రము మీకు దొరకినచో, దానికి సరియైన ముక్క యెచ్చటను అమ్మరు; చేయించుకొనవలసినదే. తరువాతి వానికి దారి కలదు. ముక్కముక్కకు వేరు సంఖ్య యేర్పడినది, ఒక్కొక్క యంత్రమునకు భాగముల పట్టిక పుస్తకముగా అచ్చైనది. ముక్కపై ‘సిమాంకో’ అను ముద్ర యున్నచో అది సింగర్ వారిదే.

మా వృద్ధుని యంత్రపు స్తంభముపై ‘వై’ అక్షరమును, దాని తరువాత సంఖ్యయు బయటపడినవి. ఆ యక్షరమే మాకు వ్రాయసకాని సంతకము. 1900 తరువాతి సంఖ్యలలో జె, ఎఫ్, వై మొదలగునవి స్కాట్లండులో గ్లాస్గో సమీపమున క్లైడ్‌బ్యాంక్ కర్మాగారమువి. వై వరుస 1920లలో ఆరంభమై 1935 ప్రాంతమున ముగిసినది. 29కె లోని ‘కె’ యును ఆ చోటి పేరే: కిల్‌బోవీ. 1885 నాటికి అచ్చట పని సాగినది. 1913వ ఒక్క సంవత్సరముననే 13 లక్షల మిషనులు అక్కడనుండి బయలుదేరినవి. 1941 మార్చిలో జర్మను విమానములు ఆ పట్టణమును కాల్చినప్పుడు కర్మాగారపు కలప దొడ్డి తగులబడెను. ప్రసిద్ధమైన దాని గడియార స్తంభమును 1963లో కూల్చిరి. కర్మాగారము 1980లో మూతబడెను. సింగర్ అను పేరుగల రైలుస్టేషను మాత్ర మిప్పటికిని అచ్చట నున్నది. స్వస్థలమున కర్మాగారమే లేకపోగా, బిడ్డలు మన రచ్చబండల యొద్ద బ్రదుకుచున్నవి.

ఈ తెలివి యుండియు నేను మొదట పొరబడితిని. 29కె యని చెప్పి షటిల్ తెప్పించితిని. అది చేతి కొనలో దూరలేదు. 29కె అనునది వంశనామమే, వ్యక్తి పేరు కాదు. కె తరువాతి అంకెను బట్టి చేయి పొడవు, బాబిన్ పరిమాణము మారును. మాది చిన్న బాబినుది. వచ్చినది పెద్దదాని షటిల్. తరువాత భూతద్దముతో పాత షటిల్‌పైనున్న సంఖ్య చదివి, దానినే వ్రాసి పంపితిమి. లూధియానాలో ఇట్టి ముక్కలను నేటికిని చేయుచున్నారు. రెండవ షటిల్ సరిపోయినది. ఆ సొమ్ము నాదే పోయినది గనుక ఎవరిని నిందింపను.

సూది విషయమున లావు చూచి కొనరాదు. సింగర్ వారి పద్ధతిలో 29×3 అనగా 29వ తరగతికై యేర్పడిన మూడవ రకము. మొన తోలును కోయునట్లు పదును పెట్టినది. 29×4 గుడ్డకు. లావును తెలుపు అంకె వేరుగా నుండును. మరమేకుల సంగతి యింకను కఠినము. సింగర్ వారివి బజారు కొలతలకు లొంగవు. 9/64 అంగుళపు లావున అంగుళమునకు 40 చుట్ల మర గలది వారియందు మిక్కిలి కానవచ్చును. బజారు మేకును బలవంతముగా బిగించినచో పోత యినుములోని మర నశించును; అది తిరిగి రాదు. కాబట్టి చచ్చిన యంత్రము దొరకినచో మరమేకులైనను ఊడదీసి డబ్బాలో దాచుకొనుట మేలు.

మా యంత్రములో ఒక్క లోప మింకను మిగిలినది. చేయి లోపల షటిల్‌ను త్రిప్పు పండ్ల కమ్మి యరిగి, వదులుగా నున్నది. దట్టమైన తోలుపై అప్పుడప్పు డొక కుట్టు వదలును. చుట్టుప్రక్కల సంతలలో పాత యంత్రముల నెన్నింటినో చూచితిమి. కమ్మి యింకను దొరకలేదు. అయినను బడిసంచులు, చెప్పులు నడచుచున్నవి. ఇనుము కొనువాడు ఆ వీధికి వచ్చుట మానినాడు. యంత్రపు సంఖ్యను, షటిల్ సంఖ్యను, సూది పేరును ఆ పాక గోడమీద నేనే సున్నముతో పెద్ద యక్షరములుగా వ్రాసిపెట్టితిని. ముసలివానికి చదువు రాదు. సూది విరిగిననాడు ఎనిమిదవ తరగతి చదువు మనుమడు గోడ చూచి చీటీమీద ఎత్తి వ్రాసికొని పట్టణమునకు పోవుచున్నాడు.