అల్ట్రాసౌండ్ స్కానింగ్ యంత్రపు విడిభాగాలు

అల్ట్రాసౌండ్ స్కానింగ్ యంత్రపు విడిభాగాలు అనగా అతిధ్వనుల సాయంతో శరీర అంతర్భాగాలను చూపే వైద్య యంత్రంలో, అరిగిన లేదా చెడిపోయిన భాగాలకు బదులుగా అమర్చే భాగాలు. వీటిలో ముఖ్యమైనది ప్రోబ్. రోగి శరీరాన్ని తాకేది, ధ్వనిని పుట్టించేది, తిరిగివచ్చే ప్రతిధ్వనిని గ్రహించేది ఇదే. మానిటరు చెడిపోతే వెంటనే తెలుస్తుంది. ప్రోబ్ కొంతవరకు చెడిపోయినా యంత్రం మాత్రం చిత్రాన్ని చూపుతూనే ఉంటుంది. ఆ చిత్రాన్ని నమ్మి వైద్యులు నిర్ణయాలు తీసుకుంటారు కనుక, ఈ భాగాన్ని తరచుగా పరీక్షించడం, అవసరమైనపుడు మార్చడం ముఖ్యం.

నేపథ్యం

కొన్ని స్ఫటికాలను నొక్కినపుడు వాటి తలాలపై విద్యుదావేశం ఏర్పడుతుందని 1880లో ఫ్రాన్సుకు చెందిన జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు కనుగొన్నారు. దీనిని పీజో విద్యుత్ ఫలితం అంటారు. ప్రోబ్ పనిచేసేది ఈ సూత్రం మీదనే. 1958లో స్కాట్లండులోని గ్లాస్గో నగరానికి చెందిన వైద్యుడు ఇయాన్ డోనాల్డ్, ఆయన సహచరులు ఉదరంలోని గడ్డలను అతిధ్వనులతో పరిశీలించిన ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఆ తరువాత ప్రసూతి వైద్యంలో ఈ విధానం క్రమంగా వ్యాపించింది.

ప్రోబ్ నిర్మాణం

ప్రోబ్‌లో ఈ క్రింది భాగాలు ఉంటాయి.

* స్ఫటికాలు: ఎక్కువ ప్రోబ్‌లలో లెడ్ జిర్కోనేట్ టైటనేట్ అనే పింగాణీ పదార్థాన్ని వాడతారు. అనేక ప్రోబ్‌లలో 128 లేదా 192 సన్నని ముక్కలు వరుసగా అమర్చి ఉంటాయి.
* వెనుక పొర: స్ఫటికపు కంపనాన్ని త్వరగా అణచివేసి, ధ్వని తరంగాన్ని చిన్నదిగా ఉంచుతుంది.
* మ్యాచింగ్ పొర: స్ఫటికం నుండి శరీరంలోకి ధ్వని సాఫీగా ప్రవేశించడానికి తోడ్పడుతుంది.
* లెన్స్: చర్మాన్ని తాకే రబ్బరు వంటి మెత్తని పొర. ధ్వనిని కేంద్రీకరించడంతో పాటు రోగికి విద్యుత్తు తగలకుండా కాపాడుతుంది.
* కేబులు, కనెక్టరు: స్ఫటికపు ముక్కలకు సంబంధించిన సన్నని తీగలన్నీ కేబులు గుండా యంత్రానికి చేరుతాయి.

ఉదర పరీక్షకు, గర్భిణుల పరీక్షకు సుమారు 2 నుండి 5 మెగాహెర్ట్‌జ్‌ల కాన్వెక్స్ ప్రోబ్‌ను వాడతారు. థైరాయిడ్, రక్తనాళాల వంటి పైపై భాగాలకు అంతకంటే ఎక్కువ పౌనఃపున్యం గల లీనియర్ ప్రోబ్‌ను, గుండెకు ఫేజ్డ్ అర్రే ప్రోబ్‌ను వాడతారు.

ప్రోబ్‌లో వచ్చే లోపాలు

ప్రోబ్ నేలపై పడితే స్ఫటికాలు పగలవచ్చు. కేబులు బండి చక్రాల కింద నలిగితే లోపలి తీగలు తెగుతాయి. తయారీదారు అనుమతించని ద్రావణాలతో తుడిస్తే లెన్స్ ఉబ్బుతుంది లేదా పొర విడిపోతుంది. సాధారణ ప్రోబ్‌ను ఆటోక్లేవ్‌లో పెట్టరాదు. ఆ వేడికి లోపలి జిగురు విడిపోతుంది, స్ఫటికపు గుణం కూడా దెబ్బతినవచ్చు.

కొన్ని ముక్కలు పనిచేయకపోతే ధ్వని పుంజం సరిగా కేంద్రీకృతం కాదు. చిన్న గడ్డలు కనబడకపోవచ్చు, డాప్లర్ పరీక్షలో రక్తప్రవాహ వేగం తప్పుగా రావచ్చు. లెన్స్ పగిలితే విద్యుత్తు లీకయ్యే ప్రమాదం ఉంది. ఆ పగుళ్ళలో సూక్ష్మజీవులు చేరి ఒక రోగి నుండి మరొకరికి సోకవచ్చు.

స్వీడన్‌లో 32 ఆసుపత్రులలో వాడుకలో ఉన్న 676 ప్రోబ్‌లను పరీక్షించగా దాదాపు 40 శాతం ప్రోబ్‌లలో ఏదో ఒక లోపం ఉన్నట్లు 2009లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. అవన్నీ రోజువారీ పరీక్షలకు వాడుతున్న ప్రోబ్‌లే.

లోపాలను గుర్తించడం

జెల్ పూర్తిగా తుడిచి, ప్రోబ్‌ను గాలిలో ఉంచి చూస్తే తెరపై సమాంతరమైన చారలు ఒకే తీరుగా కనబడాలి. వాటి మధ్య నిలువుగా నల్లని గీత ఉంటే ఆ చోట ముక్కలు పనిచేయడం లేదని అనుమానించాలి. తరువాత లోహపు క్లిప్పును లెన్స్‌కు ఆనించి ఒక చివర నుండి మరొక చివరకు నెమ్మదిగా జరిపితే, చెడిన చోట దాని ప్రతిధ్వని మాయమవుతుంది. ఫేజ్డ్ అర్రే ప్రోబ్‌లలో ఈ పద్ధతులతో లోపం అంత స్పష్టంగా తెలియదు. కొలతల ఖచ్చితత్వాన్ని ఫాంటమ్ అనే నమూనాతో పరీక్షిస్తారు. శరీర కణజాలంలో వలెనే అందులోనూ ధ్వని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు ఉంటుంది. విద్యుత్తు లీకును మాత్రం సాంకేతిక నిపుణులే పరీక్షించాలి.

ఇతర విడిభాగాలు

విద్యుత్ సరఫరా విభాగం, సర్క్యూట్ బోర్డులు, ట్రాక్‌బాల్, ఫ్యాను, గాలి వడపోత, హార్డ్ డిస్కు తరచుగా మార్చవలసి వచ్చే ఇతర భాగాలు. వడపోతలో దుమ్ము పేరుకుంటే లోపల వేడి పెరిగి ఖరీదైన బోర్డులు చెడిపోతాయి. గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ అయిపోతే యంత్రంలోని తేదీ మారిపోవచ్చు. చివరి బహిష్టు తేదీని బట్టి గర్భపు వయస్సును లెక్కించే యంత్రంలో దీనివలన లెక్క తప్పుతుంది.

మార్చేటప్పుడు గమనించవలసినవి

కనెక్టరు సరిపోయినంత మాత్రాన ప్రోబ్ పనిచేయదు. యంత్రంలోని సాఫ్ట్‌వేర్ కూడా ఆ నమూనాను గుర్తించాలి. మరమ్మత్తులో వేసిన లెన్స్ మందం, పదార్థం మొదటి దానికి భిన్నంగా ఉంటే ధ్వని కేంద్రీకరణ మారిపోతుంది. కనుక కొత్తదైనా, మరమ్మత్తు చేసినదైనా ప్రతి ముక్క పనితీరును, విద్యుత్ భద్రతను తెలిపే పరీక్షా నివేదికను అడిగి తీసుకోవాలి.

తయారీదారులు కాని సంస్థలు చేసే మరమ్మత్తులపై చాలాకాలంగా వాదోపవాదాలు ఉన్నాయి. వీటి వలన ప్రజారోగ్యానికి విస్తృతమైన ముప్పు ఉందని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో పేర్కొంది.

భారతదేశంలో చట్టం

గర్భస్థ పిండ లింగ నిర్ధారణను నిషేధించే చట్టం 1994లో రూపొంది, 1996 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. 2003లో దీనిని సవరించారు. దీని నియమాల ప్రకారం అల్ట్రాసౌండ్ యంత్రాలను, లింగ నిర్ధారణకు వీలుకల్పించే ఇతర పరికరాలను రిజిస్టరు కాని కేంద్రాలకు, వ్యక్తులకు అమ్మరాదు, అద్దెకు ఇవ్వరాదు. కేంద్రంలోని పరికరాలలో మార్పును సంబంధిత అధికార సంస్థకు తెలియజేయాలి. ఈ చట్టం ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని స్కానింగ్ కేంద్రాలకూ వర్తిస్తుంది. కనుక ప్రోబ్ మార్చదలచిన కేంద్రాలు ముందుగా జిల్లాలోని అధికార సంస్థను సంప్రదించి, కొనుగోలు పత్రాలను భద్రపరచుకోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

* అతిధ్వనులు
* పీజో విద్యుత్ ఫలితం
* డాప్లర్ ప్రభావం
* భ్రూణ హత్య