మాటల్లేని గొర్రెల సినిమా

2015లో వచ్చిన 'షాన్ ద షీప్ మూవీ'లో పాటలు పక్కన పెడితే అర్థమయ్యే మాట ఒక్కటీ లేదు. గొర్రెలు మే అంటాయి, మనుషులేమో ఏ భాషా కాని గొణుగుడు గొణుగుతారు. 85 నిమిషాలూ ఇంతే. తమాషా ఏంటంటే, ఈ మౌనం కళ కోసం పుట్టింది కాదు, ఖర్చు తగ్గించుకోడానికి పుట్టింది.

తీసినవాళ్ళు బ్రిస్టల్‌లోని ఆర్డ్‌మన్ స్టూడియో. 1972 నుంచీ ఉన్నారు. బొమ్మని రవ్వంత కదపడం, ఫోటో తియ్యడం, మళ్ళీ కదపడం - ఇదీ వాళ్ళ పని. సెకను సినిమాకి 24 ఫ్రేములు. ఒక యానిమేటర్ రోజంతా కష్టపడితే తేలేది కొద్ది సెకన్లే. షాన్ మొదట కనబడింది 1995లో, నిక్ పార్క్ తీసిన 'ఎ క్లోజ్ షేవ్'లో చిన్న వేషంలో. తర్వాత 2000లో డ్రీమ్‌వర్క్స్‌తో కలిసి 'చికెన్ రన్' తీశారు, మెల్ గిబ్సన్ గొంతుతో. 2007 మొదట్లో ఆ పొత్తు ముగిసింది. అదే ఏడాది మార్చిలో బీబీసీ పిల్లల ఛానెల్లో షాన్ సిరీస్ మొదలైంది, ఎపిసోడ్ ఏడు నిమిషాలు. మాటకి తగ్గట్టు మూతులు కదపాలంటే టీవీ బడ్జెట్, టైమూ చాలవు. అందుకని మాటలే ఎత్తేశారు.

సినిమాకొచ్చేసరికి స్టూడియోకెనాల్ డబ్బు పెట్టింది. మాటలు పెట్టుకోవచ్చు. దర్శకులు మార్క్ బర్టన్, రిచర్డ్ స్టార్జాక్ పెట్టలేదు. (అవసరం తీరిపోయిన కన్‌స్ట్రెయింట్‌ని పట్టుకు వేలాడితే మన ఫీల్డులో కోడ్ రివ్యూలో తిట్లు పడతాయి. ఇక్కడ మాత్రం అదే అసలు ఫీచర్.)

కథ మనకి తెలిసిందే. రోజూ అదే టైమ్‌టేబుల్‌తో విసిగిన గొర్రెలు ఒక్కరోజు సెలవు కోసం రైతుని నిద్రపుచ్చుతాయి. అతను పడుకున్న బండి దొర్లుకుంటూ పట్నం చేరుతుంది, తలకి దెబ్బ, గతం గుర్తుండదు. బొచ్చు కత్తిరించిన అలవాటు చేతుల్లో మిగిలి పెద్ద హెయిర్ స్టైలిస్టు అయిపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన షాన్‌ని గుర్తుపట్టక తరిమేస్తాడు. మన సినిమాలో అయితే అక్కడ రెండు పేజీల డైలాగు. ఇక్కడ షాన్ మొహం వాడిపోతుంది, అంతే. నాకైతే గొంతు పట్టేసింది.

మా అమ్మకి ఇంగ్లీషు రాదు, మావాడికి తెలుగు అంతంతమాత్రం. వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ నేనే దుబాసీని. ఈ సినిమాకి నాతో పనిపడలేదు. మనుషుల వేషంలో రెస్టారెంటుకెళ్ళిన గొర్రెలు పక్క టేబుల్ ఆయన్ని చూసి కాపీ కొట్టే సీన్లో నానమ్మా మనవడూ ఒకేసారి నవ్వారు. సబ్‌టైటిల్స్‌తో ఇది జరగదు, ఎవరో ఒకరు అర సెకను వెనకబడతారు.

మాటల్లేని సినిమా మనకి తెలియంది కాదు, 1987లోనే సింగీతం శ్రీనివాసరావు 'పుష్పక విమానం' తీశారు. కాకపోతే మనం దాన్నో గొప్ప ప్రయోగంగా దాచుకున్నాం, వీళ్ళు రోజువారీ పద్ధతి చేసుకున్నారు.

2016 ఆస్కార్లలో నామినేషన్ దక్కింది, అవార్డు 'ఇన్‌సైడ్ అవుట్' పట్టుకుపోయింది. 2019లో 'ఫార్మగెడాన్' అని రెండోది వచ్చింది. అందులో గ్రహాంతరవాసి కూడా ఉంది. దానికీ మాటల్లేవు.