ఒక కంటి గాయము - రెండవ కంటి ఆపద

ఒక కంటికి గాయమైనచో రెండవ కన్ను చెడుట వింతగా తోచును. కాని యది సత్యము. ఫ్రాన్సు దేశమున కూవ్రే గ్రామమందు 1809లో జన్మించిన లూయీ బ్రెయిలు, మూడేండ్ల ప్రాయమున, జీనులు కుట్టు తండ్రి పనికొట్టములో వాడి పనిముట్టుతో నాడుకొనుచు కన్ను పొడుచుకొనెను. అయిదవ యేటికి రెండు కన్నులును పోయెను. అంధులకు చుక్కల లిపి నొసంగిన మహనీయు డాతడే. ఆతని చూపు నపహరించినది యీ వ్యాధియే యని నేటి వైద్యులు పలువురు తలంతురు.

గ్లాస్గో నగరపు వైద్యుడు విలియం మెకంజీ 1830లో దీనిని విపులముగా వర్ణించెను. కారణము మాత్రము తెలియలేదు. 1910లో ప్రాగు నగరపు ఎల్ష్నిగ్ పండితుడు, కంటిలోని పదార్థమునే దేహము శత్రువుగా నెంచుచున్నదని సూచించెను. కన్ను చీలినప్పుడు, అంతవఱకు మఱుగున నున్న పదార్థములు దేహరక్షక బలములకు గోచరించును. అవి రెండు కన్నుల లోపొరలపైనను దాడి సల్పును. కంచెయే చేను మేయుట యనగా నిదియే.

పూర్వము చూపు చెడిన కంటిని త్వరగా తీసివేయుటయే రక్షణగా నుండెను. 1948లో అమెరికాయందు కీళ్ళవాపునకు మొదట వాడిన కార్టిజోను, కొలదికాలమునకే కంటివైద్యమునకును వచ్చెను. నేడు అట్టి మందులును, దేహరక్షక బలముల నణచు నితర ఔషధములును పెక్కుమందికి చూపు నిలుపుచున్నవి.

ఈ రోగమును నిశ్చయించుటకు ప్రత్యేకమైన రక్తపరీక్ష లేదు. పాత గాయపు వృత్తాంతమే వైద్యునకు ముఖ్యాధారము. కావున నెన్ని యేండ్లు గడచినను, మంచి కన్ను ఎఱ్ఱబడినను, మసకబాఱినను, వెంటనే వైద్యుని జూచి యా సంగతి చెప్పవలెను. పసితనమున తగిలిన దెబ్బ బిడ్డకు జ్ఞాపక ముండదు. ఇంటి పెద్దలే దానిని మఱవక యుండవలెను.