మన నర్సులు – రాష్ట్ర సరిహద్దులు

కుమార్తెనో, కోడలినో నర్సు పనికి పంపిన కుటుంబములు మన సంఘములలో అనేకము కలవు. వానలు మోసము చేసిన యేట నర్సు జీతమే ఇల్లు నిలిపెనని చెప్పు పెద్దలు కర్నూలు, కడప జిల్లాలలో నేటికిని ఉన్నారు. ఈ సోదరీలు పై రాష్ట్రములకు పోయి పనిచేయుటను గూర్చిన చరిత్రను కొంత వ్రాయుచున్నాము.

1953 వరకు మన రెండు జిల్లాలు మద్రాసు రాష్ట్రములోనివే. 1909లో డాక్టర్ ఐడా స్కడర్ వెల్లూరులో నర్సుల శిక్షణ ప్రారంభించిరి. కడప నుండి అచ్చటికి పోయి నేర్చుకొని, తిరిగి వచ్చి జమ్మలమడుగు ఆసుపత్రిలో చేరిన పిల్ల ఏ సరిహద్దును దాటలేదు. 1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టము వచ్చెను. ఒక్క రిజిస్టరులో పేరు ఎక్కినచో గంజాము మొదలు తిరునల్వేలి వరకు చెల్లెడిది. కర్నూలు వద్ద తుంగభద్ర దాటినచో మాత్రము నిజాము రాజ్యము.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము ఏర్పడెను. వెల్లూరు మద్రాసులో నిలిచెను; బళ్లారి మైసూరునకు పోయెను; ఆదోని, ఆలూరు మనకు వచ్చెను. అడుగు కదలకయే అనేకులు పై రాష్ట్రపువారైరి. 1956 నవంబరు 1న తుంగభద్ర సరిహద్దు చెరిగిపోయెను. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడగా అదే నది మరల సరిహద్దయ్యెను.

1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టము ప్రకారము, గుర్తింపు పొందిన చదువు ఏ రాష్ట్ర రిజిస్టరుకైనను చాలును. మరల పరీక్ష వ్రాయనక్కరలేదు. అయితే పనిచేయు రాష్ట్రములో పేరు ఎక్కించుకొనవలెను. అందుకు పాత కౌన్సిలు నుండి నో అబ్జెక్షన్ పత్రము తేవలెను. అమెరికాలో కూడ లైసెన్సు రాష్ట్రమునకొకటి. కాని 2000 నుండి కొన్ని రాష్ట్రములు ఒడంబడిక చేసికొనగా, నేడు 40కి పైగా రాష్ట్రములు, ప్రాంతములు అందులో చేరియున్నవి.

కొన్నేండ్ల క్రిందట మా సంఘ సోదరి ఒకరికి పై రాష్ట్రములో ఉద్యోగము దొరికెను. పదవ తరగతి పత్రములో ఒక పేరు, నర్సింగు పత్రములో బాప్తిస్మపు పేరు ఉండెను. ఆమెతో కూడ మేము రెండుసార్లు కార్యాలయమునకు పోతిమి. పేరు సరిచేయుటకు నెలలు పట్టెను. అంతలో ఆ ఉద్యోగము మరియొకరికి పోయెను. తప్పు ఎవరిదని విచారించగా మాదే. బడిలో ఉన్న పేరును అడుగకయే ఆమెకు క్రొత్త పేరు వ్రాసి సర్టిఫికెట్టు ఇచ్చినది మేమే.

కావున తల్లిదండ్రులకు మా మనవి: పిల్ల పేరు, ఇంటిపేరు అన్ని పత్రములలో ఒక్క తీరుగా ఉండునట్లు చూడుడి. ఉద్యోగమునకు బయలుదేరక మునుపే నో అబ్జెక్షన్ పత్రమునకు దరఖాస్తు పెట్టించుడి. 2023లో పార్లమెంటు చేసిన క్రొత్త నర్సింగ్ కమిషన్ చట్టములో జాతీయ రిజిస్టరు మాట ఉన్నది. అది వచ్చినను పేరు సరిగా లేనిచో చిక్కు తప్పదు. ఆ పేరును మొదట వ్రాయువారిలో సంఘ కాపరులమైన మేమును ఉన్నామని ఇప్పుడు మరువకున్నాము.