గాదెకు కావలి కాసినవాళ్లు

నెల్లూరు సముద్రతీరపు పల్లెల్లో అక్కడక్కడ పాత రాతి ఇల్లు, దాని వెనక గొడ్లకొట్టం కనిపిస్తాయి. చూడవచ్చినవాళ్లు ఇల్లు చూసి వెళ్లిపోతారు. కొట్టం కూడా చూడమని నేను మా బడిపిల్లలకు చెబుతాను. మన తాతల బతుకు గడిచింది అక్కడే.

ఈ ఇళ్లను కట్టించింది వరిపంట. పెన్నానదిపై 1855లో నెల్లూరు ఆనకట్ట, 1886లో సంగం ఆనకట్ట వచ్చాక మాగాణి పెరిగింది. మొలగొలుకుల బియ్యానికి పేరొచ్చింది. బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో సరుకు మద్రాసుకు పోయేది. చేతిలో డబ్బు ఆడిన పెద్దరైతులు మందంగా రాతిగోడలు లేపి, సున్నం పూసి, చేవదేలిన తాటిదూలాలు వేసుకున్నారు. గోడ మందం వల్ల ఎండాకాలంలో లోపల చల్లగా ఉంటుంది.

కొట్టం తీరు వేరు. తాటిమొద్దుల స్తంభాలు, పైన తాటాకు కప్పు. గాలి ఆడటానికి గోడ సగమే లేపేవారు. లోపల గాడి, మూలన రాతి కుడితితొట్టి. ఇక్కడి పశువుల సంతతే ఇప్పుడు బ్రెజిల్‌లో 'నెలోర్' పేరుతో ప్రధాన జాతిగా ఉంది. కొట్టం పక్కన గాదె. వెదురుతో అల్లి, పేడమట్టి మెత్తి, చెమ్మ తగలకుండా రాళ్లమీద నిలబెట్టేవారు.

ఆ గాదెకు కావలి ఎవరు? మన యానాదులే. కళ్లంలో పంట ఉన్నన్నాళ్లు మా తాత కంటిమీద కునుకు వేసేవాడు కాదని మా జేజి చెప్పేది. పొలంలో ఎలుకలు పట్టేదీ మనమే. కలుగులో దొరికిన వడ్లే చాలాసార్లు కూలి.

అదే కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం మనలో కొందరిని నేరస్థ తెగల జాబితాలో చేర్చింది. ఊరి ధాన్యం మన కాపలాలో, మన పేర్లు పోలీసు పుస్తకంలో! వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటివారు దీనిపై పోరాడారు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. వెట్టిచాకిరీని నిషేధించే చట్టం 1976లో గానీ రాలేదు.

మన ఇల్లేమో కాలువగట్టున చుట్టుగుడిసె. కర్రలు పాతి, తాటాకు కప్పి, వంగి దూరేంత వాకిలి వదిలేవారు. 1989 నవంబరు తుపానుకు మా గుడిసెలన్నీ ఎగిరిపోయాయి. అప్పుడు నేను చిన్నపిల్లవాణ్ణి. మా తాత కావలి కాసిన ఆ కొట్టంలోనే రెండు రాత్రులు తలదాచుకున్నాం.

రాతిగోడ నిలిచింది గనక ఆ ఇంటికి చరిత్ర ఉందంటారు. గుడిసె ఆనవాలు మిగల్లేదు గనక, ఇంటిస్థలం పట్టా అడిగితే "మీరు ఈ ఊరివాళ్లేనా?" అంటారు. ఆ మాట నేనూ పడ్డాను.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు, పిల్లలకు నా మనవి ఒకటే. మీ ఊళ్లో పాత కొట్టం ఉంటే కొలతలు తీయండి, బొమ్మ గీయండి. తాటిమొద్దులు ఎవరు నరికారు, కప్పు ఎవరు నేశారు, రాత్రి ఎవరు కాపలా ఉన్నారు అని పెద్దలను అడిగి రాసిపెట్టండి. కొట్టాలు ఏటేటా కూలిపోతున్నాయి. చెప్పగల పెద్దలూ తగ్గిపోతున్నారు.